సిసిలీ మూలాలా? శాతాలు వదిలేసి ఊరు పట్టుకోండి

ఇటలీలోని సిసిలీ దీవిలో మూలాలున్నవాళ్లు డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే రిపోర్టులో గ్రీసు, ఉత్తర ఆఫ్రికా కనిపించడం మామూలే. ఆ దీవిని గ్రీకులు, అరబ్బులు, నార్మన్లు అందరూ ఏలారు మరి! ఏ ప్రాంతం ఎంత శాతం అని చూసి టెన్షన్ పడకుండా మ్యాచ్‌ల లిస్టు, అంటే మీ డీఎన్‌ఏతో కొంత కలిసినవాళ్ల జాబితా, తెరవండి. అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. ఆ లిస్టులో ఇద్దరు ముగ్గురి పూర్వీకులది ఒకే ఊరని తేలితే, ఆ ఊరి పేరుతో ఇటలీ ప్రభుత్వ సైట్ ‘అంతెనాతి’లో ఉచితంగా వెతకొచ్చు. సిసిలీలో జనన, మరణ రిజిస్టర్లు 1820లో మొదలయ్యాయి.

ఒక్క చిక్కుంది. మనలాగే వాళ్లూ తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో నలుగురు జుజెప్పేలు తగులుతారు. అందుకే తల్లి పేరు కూడా సరిచూసుకోండి. పెళ్లయినా రికార్డుల్లో ఆడవాళ్లకు పుట్టింటి పేరే ఉంటుంది.