కిమోనోలో ఫొటో బాగా రావాలంటే ముందు నడుము సంగతి మర్చిపోండి

నేను మల్కాజిగిరిలో ఉంటాను. పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ శారీ డ్రేపింగ్ చేయడం నా పని. మా చెల్లెలి కుటుంబం టోక్యోలో నిషి కసాయిలో ఉంటుంది. మనవాళ్ళు చాలామంది ఉండే ఏరియా అది. చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు కిమోనో, అంటే జపాన్ వాళ్ళ సంప్రదాయ దుస్తులు, కట్టడం నేర్పే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి జపాన్ టూర్‌కు వెళ్ళే నా కస్టమర్లు బయల్దేరే ముందు ఫోన్ చేస్తున్నారు. "ఆంటీ, క్యోటోలో కిమోనో రెంట్‌కు తీసుకుని ఫొటోలు దిగుదామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి?" అని. వాళ్ళకు చెప్పేవన్నీ ఒకచోట రాస్తున్నాను.

మొదటి మాట నడుము గురించే. చీరలో నడుము ఎంత సన్నగా కనిపిస్తే కట్టు అంత బాగా కుదిరినట్టు. కిమోనోలో అసలు నడుమే కనిపించకూడదు. భుజం నుంచి చీలమండ దాకా బట్ట తిన్నగా దిగాలి. అందుకే కట్టేవాళ్ళు ముందుగా నడుము ఒంపులో టవల్స్ చుట్టి లెవెల్ చేస్తారు. మనవాళ్ళు అది చూడగానే "లావుగా కనిపిస్తానేమో, తీసేయండి" అంటారు. తీయించకండి. లోపల గుంట ఉంటే పైన కట్టే ఓబి, అంటే వెడల్పాటి పట్టీ, ముడతలు పడుతుంది. గంట నడిచేసరికి కిందికి జారుతుంది. ఆ టవల్ ఉంటేనే ఓబి అట్టముక్కలా నున్నగా నిలబడుతుంది, ఫొటోలో మనిషి పొడుగ్గా కనిపిస్తుంది. ఇదే లెక్కన పుషప్ బ్రాలు, అండర్‌వైర్ బ్రాలు ఆ రోజు వద్దు. ఛాతీని చదునుగా పట్టి ఉంచే మామూలు స్పోర్ట్స్ బ్రా చాలు.

చలికాలంలో వెళ్తే లోపల థర్మల్ వేసుకోవచ్చు. కానీ దాని మెడ ముందూ వెనకా లోతుగా ఉండాలి. ఆడవాళ్ళ కిమోనోకు మెడ వెనక కాలరు ఒంటికి అంటుకోకుండా సుమారు పిడికిలి పట్టేంత ఎడంగా నిలబడుతుంది. రౌండ్ నెక్ థర్మల్ వేసుకుంటే ఆ సందులోంచి బయటికి కనిపిస్తుంది. వెనక నుంచి తీసే ఫొటోలన్నీ దాంతోనే పాడవుతాయి. షాపుకు వెళ్ళేటప్పుడు ముందు గుండీలున్న షర్టు వేసుకోండి. జడ, మేకప్ అయ్యాక తల మీంచి తీసే టాప్ అయితే అంతా చెదిరిపోతుంది.

ఇక మన అలంకారాల సంగతి. అక్కడి షాపువాళ్ళకు ఇవి తెలియవు, వాళ్ళు చెప్పరు.

తలకు నూనె. ముందురోజే శుభ్రంగా తలస్నానం చేయండి. నూనె జుట్టు వాళ్ళ స్ప్రేలకూ పిన్నులకూ నిలవదు. పైగా మెడ వెనక తెల్ల కాలరుకు మరక అంటుతుంది. పొడి కుంకుమ బదులు స్టిక్కర్ పెట్టుకోండి. చెమటకు కారిన కుంకుమ లేతరంగు బట్టకు అంటితే వదలదు, మరకకు షాపువాళ్ళు డబ్బు అడగొచ్చు. పాదాలకు పసుపు ఉంటే తెల్ల సాక్సులు పాడవుతాయి, అదీ చూసుకోండి.

నగలు. కిమోనోకు మెడలో ఏమీ వేసుకోరు. కాలర్ల వరసే అక్కడ నగ. అయితే మంగళసూత్రం తీయమని ఎవరికీ చెప్పను. పొడవు గొలుసైతే లోపలి బట్ట కట్టకముందే కిందికి సర్ది, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. పైనుంచి బొందులు బిగించాక లోపల చెయ్యి పెట్టి సర్దడం కుదరదు. సూత్రాలు సరిగ్గా ఓబి కిందికి వస్తే రోజంతా పొడుస్తుంటాయి. కాబట్టి అవి ఓబికి పైనే ఆగేలా గొలుసును ఒక మడత వేసి సేఫ్టీ పిన్నుతో బ్రాకు పెట్టండి. పొట్టి నల్లపూసలు మాత్రం కాలరు సందులో కనిపిస్తాయి, వాటిని హోటల్ లాకర్‌లో పెట్టండి. గాజుల్లో రాళ్ళు పొదిగినవి వద్దు, చేతుల లోపలి బట్టకు తగిలి దారాలు లాగుతాయి.

మెట్టెల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కిమోనోతో వేసే సాక్సును తాబి అంటారు. బొటనవేలు ఒకవైపు, మిగతా నాలుగు వేళ్ళూ ఒకవైపు ఉండేలా మధ్యలో చీలి ఉంటుంది. జోరి అనే చెప్పుల పట్టీ సరిగ్గా ఆ చీలికలో కూర్చుంటుంది. మన మెట్టె ఉండేది బొటనవేలి పక్క వేలికే. అంటే అడుగు వేసిన ప్రతిసారీ చెప్పు పట్టీ మెట్టెను వేలి ఎముక మీదికి నొక్కుతుంది. పావుగంటకు ఎర్రబడుతుంది, గంటకు చర్మం లేస్తుంది. చుట్లుచుట్ల మెట్టెలైతే మరీ కష్టం. తీయడానికి మనసొప్పితే తీసి పర్సులో వేసుకోండి. ఒప్పకపోతే పువ్వూ రాయీ లేని సన్నని తీగ మెట్టెలు మార్చుకుని, దాని చుట్టూ పేపర్ టేప్ ఒక చుట్టు వేయండి. మడమ చెప్పు వెనక నుంచి కొద్దిగా బయటికి వస్తే సైజు తప్పని కంగారుపడకండి. జోరి వేసుకునే తీరే అంత.

బుకింగ్ ముందుగా చేసుకోండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలప్పుడు, నవంబర్ రెండో సగంలో ఎర్రాకులప్పుడు క్యోటోలో షాపులన్నీ కిటకిటలాడతాయి. మామూలు కిమోనోకు సాధారణంగా 3,000 నుంచి 6,000 యెన్‌ల దాకా తీసుకుంటారు, జడకు చాలాచోట్ల విడిగా ఇవ్వాలి. సాయంత్రం ఐదు, ఐదున్నర లోపు తిరిగి ఇచ్చేయమంటారు. కాబట్టి పొద్దున షాపు తెరిచే టైముకే స్లాట్ తీసుకోండి. మధ్యాహ్నం స్లాట్ తీసుకుంటే కట్టించుకోవడానికీ విప్పించుకోవడానికీ మధ్య ఫొటోలకు టైమే మిగలదు.

జూలై, ఆగస్టుల్లో వెళ్తే కిమోనో జోలికి పోకండి. క్యోటో ఎండ మన మే నెల ఎండలా పొడిగా ఉండదు, విశాఖలో లాగా ఉక్కపోత. అప్పుడు యుకాతా తీసుకోండి. నూలు బట్ట, లోపల ఇంకో పొర కాలరు ఉండదు, కాళ్ళకు సాక్సు లేకుండా చెక్క చెప్పులు వేస్తారు. అక్టోబర్ నుంచి మే దాకా లైనింగ్ ఉన్న కిమోనో, జూన్, సెప్టెంబర్‌లలో లైనింగ్ లేనిది కట్టడం వాళ్ళ ఆనవాయితీ. దాదాపు చీలమండల దాకా వేలాడే చేతులున్న ఫురిసోదె పెళ్ళికాని అమ్మాయిలది. పెళ్ళైనవాళ్ళు పొట్టి చేతులది అడిగితే పద్ధతిగా ఉంటుంది. రంగు విషయంలో నా సలహా ఒక్కటే, వరసగా ఎర్ర ద్వారాలుండే ఫుషిమి ఇనారి గుడికి ఎర్ర కిమోనో కట్టుకుని వెళ్తే మనిషి ఆ ద్వారాల్లో కలిసిపోతుంది. నీలం, తెలుపు, లేత పసుపు బాగా తేలతాయి. పోచంపల్లి ఇష్టపడేవాళ్ళు కసూరి ఉందేమో అడగండి. దారానికి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసేదే అదీ. అద్దె షాపుల్లో పాలియెస్టర్ ప్రింట్లే ఎక్కువ, కసూరి దొరికితే అదృష్టం.

కట్టేటప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే మీరు సరిగ్గా నిలబడగలరు. కిమోనో మనిషి కంటే పొడవుగా ఉంటుంది. ముందు కింది అంచును చీలమండ దగ్గరికి పైకెత్తి, కుడివైపు బట్ట లోపల వేసి, ఎడమవైపు బట్ట దాని మీదికి తెస్తారు. తుంటికి కొంచెం పైన ఒక బొందుతో రెండు చుట్లు తిప్పి బిగిస్తారు. ఈ ఒక్క బొందు మాత్రం గట్టిగా ఉండాలి, మొత్తం కట్టు బరువు మోసేది ఇదే. మన లంగా బొందులా ముడి వేయకుండా, మెలిపెట్టి కొసలను చుట్టులోకి దోపేస్తారు, లోపల గడ్డలా తగలదు. మిగిలిన పొడవంతా ఈ బొందు మీంచి కిందికి మడత పడుతుంది. ఓబి కింద నాలుగు వేళ్ళ వెడల్పున అడ్డంగా కనిపించే మడత అదే. చీర కుచ్చిళ్ళు ఎలా చూసుకుంటారో ఈ మడత అలా చూసుకోండి. వంకరగా ఉంటే అక్కడే చెప్పి సర్దించుకోండి, ఓబి కట్టాక సర్దడం కష్టం. పైబొందులు ఛాతీ కింద ఇబ్బందిగా బిగిస్తే ఊపిరి నిండా పీల్చి చూసి వెంటనే చెప్పండి. మొహమాటపడితే మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతాయి.

ఎడమది పైన, కుడిది కింద. ఆడైనా మగైనా ఇదే. కుడిది పైకి వచ్చేలా కట్టేది అక్కడ చనిపోయినవాళ్ళకు. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ కుడిచెయ్యి కాలరు సందులోకి సులువుగా వెళ్తే కట్టు సరిగ్గా ఉన్నట్టు. ఎదుటివాళ్ళకు మెడ దగ్గర ఇంగ్లీష్ చిన్న వై అక్షరంలా కనిపించాలి. షాపువాళ్ళు ఎప్పుడూ సరిగ్గానే కడతారు, తారుమారు చేసేది మన ఫోనే. సెల్ఫీ కెమెరాలో మిర్రర్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఫొటో అద్దంలో లాగా తిరగబడి సేవ్ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆ ఫొటో జపాన్ వాళ్ళ కళ్ళకు చావు బట్టలా కనిపిస్తుంది. బయల్దేరే ముందే ఆ సెట్టింగ్ ఆఫ్ చేయండి. రీల్స్ ఎడిట్ చేసేటప్పుడు ఫ్లిప్ చేయకండి.

నడక హైదరాబాద్‌లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు మా మేడమెట్ల మీదే నేర్పిస్తాను. ఇరుకు పెట్టికోట్ వేసుకుని, మోకాళ్ళ దగ్గర చున్నీ వదులుగా చుట్టుకుని ఎక్కి దిగండి. అడుగు చిన్నది, కాలివేళ్ళు కొద్దిగా లోపలికి. మెట్లెక్కేటప్పుడు కుడిచేత్తో పైబట్ట అంచును రెండంగుళాలు ఎత్తితే చాలు, చీరలా గుప్పిట్లో కుచ్చిపట్టి లేపకూడదు. క్యోటోలో అందరూ ఫొటోలు దిగే సన్నెన్‌జాకా అంటే రాతిమెట్లే. కియోమిజు గుడికి ఎక్కడమూ ఏటవాలే. కుర్చీలో అంచున కూర్చోండి, వెనక్కి ఆనితే ఓబి ముడి నలుగుతుంది. బాత్రూమ్‌కు వెళ్ళేటప్పుడు పొడవు చేతులను రెండు బట్టల క్లిప్పులతో భుజాల వెనక పట్టి ఉంచి, పొరలను ఒక్కొక్కటిగా పైకెత్తండి. ఆ క్లిప్పులు ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి. నూడుల్స్ తినాలనిపిస్తే పెద్ద రుమాలు కాలరులో దోపుకోండి.

ఇక పోజులు. నడుం మీద చెయ్యి పెట్టి, ఒక మోకాలు వంచి, తుంటి పక్కకు తిప్పి నిలబడటం మన చేతికీ కాలికీ అలవాటైపోయింది. కిమోనోలో అలా నిలబడితే తిన్నగా దిగాల్సిన గీత విరిగి, బట్ట మెలిపడుతుంది. పాదాలు దగ్గరగా, ఒకటి కొంచెం వెనక్కి. చేతులు ఒకదాని మీద ఒకటి, ఓబి కింది అంచు దగ్గర. చెయ్యి చాచి ఏదైనా చూపించాలంటే రెండో చేత్తో బట్ట చేతి అంచు పట్టుకోండి, మోచేయి బయటపడదు. సగం ఫొటోలు వెనక నుంచి తీయించుకోండి. ఓబి ముడి, మెడ వెనక సందు, ఎత్తి కట్టిన జుట్టు, ఈ మూడూ అటువైపే ఉన్నాయి. మీ ఫొటోగ్రాఫర్ భర్తే అయితే ఈ మాట ఆయనకు ముందురోజే చెప్పండి, లేకపోతే ఫొటోలన్నీ ఎదురుగానే తీస్తారు.

ఆయన కూడా కట్టుకుంటే చాలా బాగుంటుంది. మగవాళ్ళ ఓబి సన్నగా, పొట్ట కిందికి, తుంటి మీద కూర్చుంటుంది. కాస్త పొట్ట ఉన్నవాళ్ళకే కట్టు బాగా నిలుస్తుంది. మగవాళ్ళ కిమోనోకు నడుం దగ్గర మడతపెట్టి పొడవు సర్దే వీలుండదు, అందుకని బుకింగ్‌లోనే ఎత్తు సెంటీమీటర్లలో కచ్చితంగా రాయండి.

క్యోటోలోని గియోన్ వీధుల్లో జాగ్రత్తగా ఉండాలి. అక్కడ పనిచేసే గెయికోలు, అంటే గెయిషాలు, సంగీతం, నాట్యం ఏళ్ళ తరబడి నేర్చుకుని వృత్తిలో ఉన్నవాళ్ళు. మైకోలు ఇంకా ఆ శిక్షణలో ఉన్న అమ్మాయిలు. టూరిస్టులు వెంటపడి ఫొటోలు తీయడం ఎక్కువై, స్థానికులు 2019 నుంచి ప్రైవేట్ సందుల్లో ఫొటోలు నిషేధిస్తూ 10,000 యెన్‌ల జరిమానా బోర్డులు పెట్టారు. 2024లో కొన్ని సందుల్లోకి టూరిస్టులు రావద్దన్నారు కూడా. హనామికోజి పెద్ద వీధిలో నడవొచ్చు. అందమైన కిమోనోలో ఎవరైనా ఎదురైతే తలవంచి నమస్కరించి పక్కకు తప్పుకోండి, ఫోన్ ఎత్తకండి. పొద్దున్నే వెళ్తే యసాకా పగోడా కింద వీధి ఖాళీగా దొరుకుతుంది. టోక్యోలోనే ఉండేవాళ్ళకు అసాకుసాలో సెన్సోజి గుడి వెనకవైపు, ముందు నకమిసే బజారు కంటే జనం పల్చగా ఉంటారు.

నచ్చితే ఒక యుకాతా కొనుక్కుని రండి. క్యోటోలో ప్రతి నెలా 21న తోజి గుడి దగ్గర, 25న కితానో తెన్‌మన్‌గూ దగ్గర పాత వస్తువుల సంత జరుగుతుంది. వాడిన కిమోనోలు, యుకాతాలు అక్కడ చవగ్గా దొరుకుతాయి. కొనేముందు చంకల దగ్గర, కాలరు లోపల మరకలు చూడండి, కుట్టు లాగి చూడండి. ఇంటికొచ్చాక నూలు యుకాతాను చల్లనీళ్ళలో విడిగా ఉతికి, నీడలో ఆరేయండి. నీలం రంగు మొదటి ఉతుకులో దిగుతుంది. హ్యాంగర్‌కు వేలాడదీసి దాచకండి, భుజాల దగ్గర సాగుతుంది. నేల మీద పరిచి, కుట్ల వెంట మడిచి, చేతులు రెండూ లోపలికి వేస్తే చక్కటి దీర్ఘచతురస్రం అవుతుంది. బీరువాలో పట్టుచీరల మీద పెట్టేయొచ్చు, మధ్యలో ఒక పాత కాటన్ పంచె వేయండి.