వయల్స్ తక్కువ, జనం ఎక్కువ: టీకా రోజు నడపడం ఎలా

ముందు రోజు సాయంత్రం ఫ్రిజ్ తెరిచి వయల్స్, అంటే టీకా మందు సీసాలు, మీ చేత్తో లెక్కపెట్టండి. రిజిస్టర్‌లో ఉన్న అంకెను నమ్మొద్దు. కోవిడ్ రోజుల్లో నేను ఒకసారి నమ్మాను. రిజిస్టర్‌లో 12, లోపల 9. అప్పట్లో మా దగ్గరికి వచ్చేది ఆస్ట్రాజెనెకా అనే కోవిడ్ టీకా, వయల్‌కు 10 డోసులు. అంటే తెల్లారేసరికి 30 మంది చేతుల్లో ఉన్న టోకెన్లు ఉత్త కాగితాలైపోయాయి. వాళ్లలో చాలామంది మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఇలాంటివాళ్ల గురించే పైకి వెళ్లే నివేదికలో ‘టీకా అంటే భయం’ అని రాస్తారు. వాళ్లది భయం కాదు, మన మీద కోపం.

అందుకని టోకెన్లు చేతిలో ఉన్న డోసులకే ఇవ్వండి. సాయంత్రానికి వస్తుందని ఎవరో ఫోన్‌లో చెప్పిన స్టాకును లెక్కలోకి తీసుకోవద్దు. గుమ్మం బయట ఒక బోర్డు పెట్టి, ఈరోజు ఎన్ని డోసులు ఉన్నాయి, ఇప్పటిదాకా ఎన్ని అయ్యాయి, మళ్లీ స్టాకు ఎప్పుడు అన్నవి రాయండి. ఎప్పుడొస్తుందో తెలియకపోతే ‘తెలియదు’ అనే రాయండి. ‘రేపు రండి’ అనే మాట నోట్లోంచి తేలిగ్గా వచ్చేస్తుంది. రేపు కూడా లేకపోతే ఆ మనిషిని మూడోసారి రప్పించడం మన తరం కాదు. మాస్కు పెట్టుకోండి, దూరంగా నిలబడండి అని వరుసలో అరిచే పని కూడా బోర్డు పెట్టాక సగం తగ్గింది. తన వంతు వస్తుందో రాదో తెలియని మనిషే ముందుకు తోసుకొస్తాడు.

వయల్స్ బయటికి తీసుకెళ్లే రోజైతే ఐస్ ప్యాక్ దగ్గర తొందరపడొద్దు. ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా క్యారియర్‌లో, అంటే టీకాలు మోసుకెళ్లే చల్లని పెట్టెలో, పెట్టేస్తే పక్కనున్న వయల్ గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఆస్ట్రాజెనెకా ఇక పనికొచ్చేది కాదు, దానికి 2 నుంచి 8 డిగ్రీలే ఉండాల్సి వచ్చేది. ప్యాక్‌ను బల్ల మీద ఉంచండి. పైనున్న తెల్లటి మంచు పోయి చెమట పడుతుంది. అప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. వచ్చాకే లోపల పెట్టండి. ‘ఫైజర్‌ను మైనస్ 70లో పెడతారు కదా, దీనికేమవుతుంది’ అని కొత్తగా పనిలో చేరిన పిల్లలు అడిగేవారు. అది వేరే రకం టీకా అమ్మా. దాన్ని కూడా ఒకసారి కరిగించాక మళ్లీ గడ్డకట్టనివ్వకూడదు.

సిరంజి కూడా స్టాకే. కోవిడ్ రోజుల్లో ఫైజర్ ఊదా మూత వయల్‌లో 1.8 మిల్లీలీటర్ల సెలైన్ కలిపి, 0.3 చొప్పున తీయాల్సి వచ్చేది. మొదట దాన్ని 5 డోసులుగానే లెక్కగట్టేవారు. 2021 జనవరి 8న యూరోపియన్ మందుల సంస్థ 6 అంది. కానీ ఆ ఆరోది రావాలంటే సూది మొదట్లో మందు నిలవని రకం సిరంజి కావాలి. మామూలు సిరంజితో తీస్తే ఐదుతోనే ఆగిపోవచ్చు. ఒక్క వయల్ పగలకుండానే ఆరుకి ఒక డోసు గల్లంతు. అలాగని రెండు వయల్స్‌లో అడుగున మిగిలింది కలిపి ఒక డోసు చేయకూడదు.

అసలు చిక్కంతా చివరి వయల్‌తోనే. మూత తీసిన ఆస్ట్రాజెనెకాను 6 గంటల్లో వాడేయాల్సి వచ్చేది. తీసిన టైము లేబుల్ మీద పెన్నుతో రాయండి. స్టాకు కరువుగా ఉన్నప్పుడు మూత తీసేముందు పది మందిని కూడగట్టుకోవాలి. దానికోసం దగ్గర్లో ఉండి, పిలవగానే రాగలిగినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి. స్టాకు బాగా ఉండి జనం పలచబడ్డాక మాత్రం ఈ పద్ధతి తిరగేయాలి. అప్పుడు ఒక్కరొచ్చినా తీయాల్సిందే. మూడు వారాలు వద్దంటే వద్దన్న పెద్దాయన ఒకరు, కూతురు చెయ్యి పట్టుకుని ఓ మధ్యాహ్నం వచ్చారు. కేంద్రంలో ఇంకెవరూ లేరు. తీశాను. జాబితాలోవాళ్లకు ఫోన్లు చేస్తే ఏడుగురొచ్చారు, రెండు డోసులు పారబోశాం. వృథా ఎందుకైందని పైవాళ్లు అడిగారు. రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు రాసి చూపించాను. ఇండెంట్, అంటే ఇన్ని డోసులు కావాలని పైకి రాసే కాగితం, పెట్టేటప్పుడే ఆ వృథాను కలుపుకోండి. 90 మందికి వేయాలి, నూటికి 10 పోతాయనుకుంటే అడగాల్సింది 100 డోసులు.

ఇక ప్రశ్నలు. రెండు డోసుల మధ్య గడువు పెంచినప్పుడు ‘స్టాకు లేకే కదా?’ అని ముఖం మీదే అడిగారు. ‘అదీ ఉంది’ అని ఒప్పుకునేదాన్ని. ముందు ఎక్కువమందికి ఒక్క డోసైనా అందాలని కొన్ని దేశాలు అలా చేశాయి. ఆస్ట్రాజెనెకాకు మధ్యలో ఎక్కువ వారాలుంటే రక్షణ బాగుందని పరీక్షల్లోనూ తేలింది. రెండూ చెప్పండి. ఒకటి దాచితే రెండోదీ నమ్మరు. 2021 మార్చిలో రక్తం గడ్డల వార్తలొచ్చి జర్మనీ, ఫ్రాన్స్ కొన్నాళ్లు ఆ టీకాను ఆపినప్పుడూ అంతే. అలాంటివి చాలా అరుదుగా వస్తున్నాయి, నిజమే, ఏ లక్షణాలు కనపడితే పరిగెత్తుకు రావాలో ఇదిగో అని చీటీ రాసిచ్చాం. కొందరు చీటీ తీసుకుని వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాం.

జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చన్న మాట సూదికి ముందే చెప్పాలి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది. వేశాక 15 నిమిషాలు, గతంలో తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లయితే 30 నిమిషాలు కూర్చోబెట్టండి. తీవ్రమైన అలర్జీ వస్తే వెంటనే ఇచ్చే అడ్రినలిన్ మందు బల్ల మీదే ఉండాలి, బీరువాలో కాదు.

తలుపు మూసేముందు టోకెన్ ఉండీ రానివాళ్లకు ఫోన్ చేయండి. ‘ఎందుకు రాలేదు’ అని కాదు, ‘ఎప్పుడు వీలవుతుంది’ అని అడగండి. మాకైతే ఎక్కువగా వచ్చిన జవాబు, కూలి పోతుందని. ఆదివారం ఒక పూట తెరిచాం.