రీప్లేస్ కొట్టినా ఊరి పేరు మారట్లేదా? సమస్య - పరిష్కారం

అడ్రస్ లిస్టులో రాజమండ్రి అని ఉన్నచోటల్లా రాజమహేంద్రవరం పెట్టాలి, 2015లోనే పేరు మారింది కదా, ఒక్క లైను కోడే కదా అని కూర్చుంటాం, సాయంత్రమైనా తేలదు. నాకు తగిలినవి రాస్తున్నా, ఎక్కువగా పైథాన్‌వే.

ఎర్రర్ లేదు, కానీ ఏమీ మారలేదు

పైథాన్‌లో స్ట్రింగ్‌ని (అక్షరాల వరసని) ఉన్నచోటే మార్చడం కుదరదు. రీప్లేస్ కొత్త స్ట్రింగ్ తయారుచేసి ఇస్తుంది, దాన్ని దేంట్లోనూ పెట్టుకోకపోతే పోయినట్టే. అడ్రస్ = అడ్రస్.రీప్లేస్(పాతది, కొత్తది) అని రాయండి. జావా, జావాస్క్రిప్ట్‌లోనూ ఇంతే.

మొదటిదొక్కటే మారింది

అయితే మీరు జావాస్క్రిప్ట్‌లో ఉన్నారు. అక్కడ రీప్లేస్‌కి మామూలు స్ట్రింగ్ ఇస్తే మొదట దొరికినదాన్నే మారుస్తుంది, రీప్లేస్‌ఆల్ వాడండి (2021 స్టాండర్డ్‌లో వచ్చింది). అదే అలవాటుతో జావాలో రీప్లేస్‌ఆల్ వాడొద్దు, అక్కడ అది రెజెక్స్ (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి), అందులో చుక్కంటే ఏ అక్షరమైనా అని అర్థం, చుక్కలు తీసేద్దామని చుక్క ఇస్తే లైను మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. జావాలో మామూలు రీప్లేసే అన్నిటినీ మారుస్తుంది.

పదం కళ్ళెదురుగా ఉంది, దొరకట్లేదు

తెలుగులో పనిచేసేవాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఇదే. "హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్" అని ఉన్న పాత అడ్రస్‌లని తెలంగాణకి మార్చబోతే కొన్ని మారాయి కొన్ని మారలేదు, స్క్రీన్ మీద మాత్రం అన్నీ ఒకేలా ఉన్నాయి. లెన్ (పదంలో ఎన్ని కోడ్‌లున్నాయో లెక్కపెట్టేది) కొట్టి చూడండి. హైదరాబాద్ అనే పదానికి 9 రావాలి, 10 వస్తే రెండు కారణాల్లో ఒకటి. ఒకటి, చివరి పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరం వత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఉంది, కొన్ని తెలుగు కీబోర్డులు దాన్ని పెడతాయి. రెండు, ఐత్వం ఒకే కోడ్‌గా కాకుండా ఎత్వం, దాని కింద గుర్తు అని రెండు ముక్కలుగా వచ్చింది. రెండోదానికి మందు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్, ఎన్ఎఫ్‌సి (ముక్కల్ని ఒకే కోడ్‌గా కలిపే పద్ధతి) పెట్టి, మీ టెక్స్ట్‌కీ వెతికే పదానికీ రెండిటికీ చేయాలి. నాన్ జాయినర్ మాత్రం నార్మలైజ్‌తో పోదు, అలాగని ఫైలంతా తీసేయకండి, తీసేస్తే "హైదరాబాద్‌లో" అన్నచోట ద కింద ల వత్తు వచ్చి కూర్చుంటుంది. కామా, స్పేస్, లైను చివర ముందున్నవి మాత్రమే తీయండి, చాలు.

పదం విడిగా ఉంటే వదిలేసి, అతుక్కుని ఉంటే మారుస్తోంది

మొత్తం పదమే మారాలని రెజెక్స్‌లో రెండు వైపులా బ్యాక్‌స్లాష్ బి (పదం సరిహద్దు గుర్తు) పెట్టారా? పైథాన్ రీ మాడ్యూల్ గుణింతం గుర్తుని అక్షరంగా లెక్కపెట్టదు. రాజమండ్రి గుడితో ముగుస్తుంది కాబట్టి పక్కన స్పేస్ ఉంటే అక్కడ పదం సరిహద్దే లేదనుకుంటుంది, "రాజమండ్రిలో" అంటే మాత్రం ఉందనుకుంటుంది, పూర్తిగా తిరగబడింది. బ్యాక్‌స్లాష్ బి తీసేసి, ముందూ వెనకా తెలుగు యూనికోడ్ బ్లాక్‌లోది ఏదీ ఉండకూడదని లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్ రాయండి.

కానీ విభక్తులు కూడా మారాలంటే అది పనికిరాదు. ఉత్త రీప్లేస్‌తో "రాజమండ్రికి" అన్నది "రాజమహేంద్రవరంకి" అవుతుంది, చదివేవాళ్ళకి గుచ్చుకుంటుంది. అందుకే పొడుగు రూపాలు ముందు: రాజమండ్రికి బదులు రాజమహేంద్రవరానికి, రాజమండ్రిని బదులు రాజమహేంద్రవరాన్ని, ఆఖరున ఉత్త పేరు. ఇలాంటిదే కడప, దాని ముందు వైఎస్సార్ చేర్చబోతే "కడపటి రోజు" కూడా "వైఎస్సార్ కడపటి రోజు" అయి కూర్చుంటుంది, తర్వాత టి ఉంటే వదిలేయమని చెప్పాలి.

రెండోసారి రన్ చేస్తే పేరు డబుల్ అయింది

నెల్లూరు జిల్లా 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. కొత్త పేరులోనే పాత పేరుంది, స్క్రిప్ట్ మళ్ళీ నడిస్తే "శ్రీ పొట్టి శ్రీరాములు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా". ముందు పొడుగు పేరుని పొట్టిగా మార్చేసి, ఆ తర్వాత పొట్టిదాన్ని పొడుగు చేయండి, ఇక ఎన్నిసార్లు నడిపినా ఒకటే వస్తుంది.