తిరుపతి ఎండకు, కొండకు తగ్గట్టు స్పోర్ట్స్ కారు టైర్లు, గాలి

రేణిగుంట రోడ్డులో మాది టైర్లు, అలైన్‌మెంట్ షాపు. శని, ఆదివారాల్లో బెంగళూరు, చెన్నై నుంచి దర్శనానికి వచ్చేవాళ్ళలో ఈమధ్య పోర్షా, మస్టాంగ్, బీఎండబ్ల్యూ జెడ్4 లాంటి కార్లలో వచ్చేవాళ్ళు పెరిగారు. మన ఊళ్లోనూ కొందరు కొన్నారు. అంత ఇష్టపడి కొన్న కారును గాలి మిషన్ దగ్గర ఆపి, "నాలుగింటికీ 35 కొట్టెయ్ అన్నా" అనేస్తారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాటిలో చాలా కార్లకు ముందు టైరు సైజు వేరు, వెనక టైరు సైజు వేరు. ఒక్కో టైరు మోసే బరువూ వేరే. గాలి మాత్రం ఒకటే ఎట్లా అవుతుంది?

ముందు టైరు ఎంపిక సంగతి. పోర్షా 718 కేమన్‌నే తీసుకుందాం. 18 అంగుళాల రిమ్ములైతే ముందు 235/45, వెనక 265/45 వస్తాయి. 20 అంగుళాలైతే ముందు 235/35, వెనక 265/35. ఇందులో 265 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. దాని పక్కనున్నది టైరు పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎంత శాతమో చెప్తుంది. లెక్క వేస్తే 18 అంగుళాల టైరుకు గోడ 119 మిల్లీమీటర్లు, 20 అంగుళాల టైరుకు 93. మొత్తం టైరు ఎత్తు దాదాపు ఒకటే, తేడా అంతా రబ్బరు గోడలోనే. చూడడానికి 20 అంగుళాల రిమ్ము బాగుంటుంది, కాదనను. కానీ గ్రానైట్ లారీలు తిరిగే చిత్తూరు వైపు రోడ్ల మీద, ఊళ్లలో కొలతాపాతా లేకుండా వేసిన స్పీడ్ బ్రేకర్ల మీద ఆ 26 మిల్లీమీటర్ల రబ్బరే మీ రిమ్మును కాపాడేది. మీ కారుకు కంపెనీయే చిన్న రిమ్ము ఇస్తుంటే అదే తీసుకోండి. గుంతలో పడి గోడకు గుబ్బ లేచిన టైరుకు రిపేరు లేదు, మార్చాల్సిందే.

సైజు తర్వాత ఉండే అంకె, అక్షరం కూడా చదవండి. 96వై అంటే ఆ టైరు 710 కిలోల దాకా మోస్తుంది, గంటకు 300 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. 94 అయితే 670 కిలోలే. "అంత స్పీడు ఎక్కడ పోతాం లెండి" అని తక్కువ రేటింగు టైరు వేయించుకునేవాళ్ళు ఉన్నారు. వేగం రేటింగు ఒక్క వేగం గురించే కాదు, వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెప్తుంది. మే నెలలో మన రోడ్డు మీద అదే కదా అసలు పరీక్ష. కంపెనీ చెప్పిన అంకెకు, అక్షరానికి ఎప్పుడూ తగ్గకండి. పోర్షాకు ఒప్పుకున్న టైర్ల మీద ఎన్ అక్షరం, బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు ఉంటాయి. నాలుగూ అవే దొరికితే మంచిది. దొరకనప్పుడు ఒక యాక్సిల్ మీద, అంటే ముందు జత గానీ వెనక జత గానీ, రెండూ ఒకే మోడల్ ఉండాలి, అందులో మాత్రం రాజీ వద్దు.

ట్రెడ్‌వేర్ అంకె టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్తుంది. అది 300 దరిదాపుల్లో ఉన్న టైరు రోజూ నడిపే స్పోర్ట్స్ కారుకు సరిపోతుంది. 200 దగ్గర ఉన్నవి పొడి రోడ్డు మీద అద్భుతంగా పట్టుకుంటాయి, కానీ త్వరగా అరుగుతాయి. ఆ తరహా టైర్లలో చాలావాటికి నీళ్ళు పోయే గాడులు తక్కువ. మనకు పెద్ద వానలు పడేది అక్టోబరు, నవంబరుల్లో. 2021 నవంబరులో ఊళ్లోకి నీళ్ళొచ్చి ఘాట్ రోడ్లు మూసేసిన రోజులు ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోరు. నా మాట అడిగితే, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆగే టైరు కొనండి. పొడి రోడ్డు మీద మన వేగాలకు మంచి టైరు ఏదైనా ఆగుతుంది.

డబ్బు కట్టే ముందు గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. 2020 జూన్‌లో టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశారు. అప్పటినుంచి కొన్ని సైజులు దొరకడం కష్టంగానే ఉంది, కాబట్టి అరిగిపోయాక వెతుక్కోకుండా ముందే ఆర్డరు పెట్టుకోండి. దొరికిందే చాలని పాత సరుకు మాత్రం తీసుకోకండి. మన ఎండకు రబ్బరు నిలవ ఉన్నా గట్టిపడుతుంది.

ఇక గాలి. డ్రైవరు డోరు తెరిస్తే పిల్లర్ మీద, కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపల, స్టిక్కరు ఉంటుంది. అందులో ముందు, వెనక అంకెలు వేర్వేరుగా ఉంటాయి. చాలా కార్లకు ఇద్దరు కూర్చుంటే ఒక వరుస, నిండు బరువుకు ఇంకో వరుస ఉంటాయి. బార్‌లో రాసి ఉంటే, గాలి మిషన్లు చూపే పీఎస్ఐ కోసం 14.5తో గుణించండి, 2.3 బార్ అంటే 33 పీఎస్ఐ చిల్లర. టైరు గోడ మీద ఉండే 50, 51 అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం మాత్రమే, మీరు కొట్టించాల్సింది కాదు.

స్టిక్కరు మీద ఉన్నది చల్లటి టైరు లెక్క. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, ఎండ తగలకూడదు. పొద్దున ఆరింటికి, ఇంటి దగ్గరే చూసుకోవడం అన్నిటికన్నా ఉత్తమం. వేడి 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 28 డిగ్రీల్లో 33 ఉన్న టైరు, నీడలో నిలబెట్టి ఉన్నా మధ్యాహ్నం 42 డిగ్రీలకు 35 దాటుతుంది. ఎండ పడే వైపు టైర్లు ఇంకా ఎక్కువ చూపిస్తాయి. నాయుడుపేట నుంచి హైవే మీద వచ్చి మా షాపులో ఆపి, "38 ఉంది, దించెయ్ అన్నా" అంటారు. దించకూడదు. వేడి టైరులో గాలి తీస్తే మర్నాడు పొద్దునకు అది స్టిక్కరు కన్నా నాలుగైదు పీఎస్ఐ తక్కువగా ఉంటుంది. తక్కువ గాలితో పరిగెత్తే టైరు గోడ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ కాలుతుంది. మండుటెండలో హైవే మీద పేలే టైర్లలో ఎక్కువ భాగం గాలి తక్కువై పేలేవే.

అందుకే సొంతంగా గాలి కొలిచే డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కోండి. ఒక్కో బంకులో మిషన్ ఒక్కో అంకె చూపిస్తుంది. మీ గేజ్ ఒకటే అయితే కనీసం వారానికీ వారానికీ పోల్చుకోవచ్చు. డాష్‌బోర్డులో బల్బు ఒక్కటే ఉండి అంకెలు చూపించని కార్లలో, గాలి బాగా తగ్గితే గానీ ఆ బల్బు వెలగదు. దాన్ని నమ్ముకుని ఉండకండి. నైట్రోజన్ గురించి అందరూ అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది, వేడికి పెరిగేదీ దాదాపు అంతే. తేమ ఉండదు, గాలి కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, అంతే లాభం. పట్టిస్తే నష్టం లేదు, కానీ చెక్ చేయడం మానొద్దు.

తిరుమల ఎక్కే ముందు గాలి మార్చాలా అని కూడా అడుగుతుంటారు. అక్కర్లేదు. కింద ఊరికి, పైన కొండకు సుమారు 700 మీటర్ల తేడా ఉంది. పైన బయటి గాలి పలచన కాబట్టి గేజ్ దాదాపు ఒక పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అక్కడి చలికి అంత దాకా తగ్గుతుంది కూడా. రెండూ చెల్లుకు చెల్లు. చూసుకోవాల్సింది దిగేటప్పుడు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది, అది మంచి నియమం. చిన్న గేరులో ఇంజన్‌తోనే ఆపుకుంటూ రండి. బ్రేకు మీదే కాలు ఉంచితే డిస్కుల వేడి రిమ్ముకు, రిమ్ము నుంచి టైరుకు ఎక్కుతుంది. అలిపిరిలో దిగగానే గేజ్ పెడితే వచ్చే అంకెకు అర్థం లేదు.

వానాకాలంలో గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. అది ప్రమాదం. విమానాల టైర్ల మీద నాసా చేసిన పరిశోధనల నుంచి ఒక లెక్క వచ్చింది: టైరు నీటి మీద తేలడం మొదలయ్యే వేగం, అందులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. దాని ప్రకారం 33 పీఎస్ఐకి ఆ వేగం గంటకు సుమారు 95 కిలోమీటర్లు, 25కి 83. కారు టైరుకు గాడులు, వెడల్పు కూడా కలుస్తాయి కాబట్టి అంకె మారుతుంది, దిశ మాత్రం అదే. వెడల్పాటి టైరు ఇంకా ముందే తేలుతుంది. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గేదాకా చట్టం ఒప్పుకున్నా, స్పోర్ట్స్ కారుకు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటాను.

గాలి సరిగ్గా ఉందో లేదో టైరే చెప్తుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమధ్య అరిగితే ఎక్కువ. లోపలి అంచు ఒక్కటే అరిగితే అది అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సంగతి. స్పోర్ట్స్ కార్లకు చక్రం పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటుంది కాబట్టి లోపలి అంచు ముందు పోతుంది, నిలబడి చూస్తే కనపడదు. స్టీరింగు పూర్తిగా తిప్పి ముందు టైర్లు, లిఫ్టు ఎక్కించి వెనక టైర్లు చూడాలి. అరచేత్తో ట్రెడ్‌ను, అంటే రోడ్డుకు తగిలే భాగాన్ని, అటూ ఇటూ నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే టో, అంటే చక్రాలు నేరుగా ముందుకు చూసే కోణం, తప్పింది. బయట ట్రెడ్ నిండుగా ఉండి లోపల తీగలు తేలిన టైర్లు మా లిఫ్టు మీద కనిపిస్తూనే ఉంటాయి. అలైన్‌మెంట్ చేయించాక ప్రింటు అడిగి తీసుకోండి.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు వెళ్ళేవాళ్ళకు మాత్రం లెక్క వేరు. అక్కడ చూసేది వేడి టైరు అంకె. మామూలు రోడ్డు టైరైతే పొద్దున 29, 30తో మొదలుపెట్టి, నాలుగైదు ల్యాపులయ్యాక పిట్‌లోకి రాగానే కొలవండి. 35, 36 దగ్గర ఉంటే బాగున్నట్టు, దాటితే తీయండి. ముందుభాగం వంపు బయటికి జారుతుంటే ముందు ఒక పీఎస్ఐ తగ్గించి చూడండి, ఒకేసారి రెండు యాక్సిళ్ళూ మార్చొద్దు. ఇంటికి బయల్దేరే ముందు తీసినంత గాలి తిరిగి పట్టించి, మర్నాడు పొద్దున స్టిక్కరు ప్రకారం సరిచేసుకోండి.

ఇలాంటి కార్లు చాలావాటికి స్టెప్నీ ఉండదు, పంచరును లోపలి నుంచి మూసే సీలెంట్ డబ్బా, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ ఇస్తారు. డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి. పంచరు ట్రెడ్ మధ్యలో ఉంటే లోపలి నుంచి ప్యాచ్ వేయించండి, బయటి నుంచి గుచ్చే స్ట్రిప్ షాపు దాకా చేరడానికే. గోడలో మేకు దిగితే టైరు మార్చడమే. సీలెంట్ పోసి తెస్తే టైరు విప్పక ముందే చెప్పండి. లోపలి సెన్సరు తుడవకపోతే గాలి తప్పు చూపిస్తుంది. నట్లు గన్‌తో బిగించి వదిలేయనివ్వకండి, మాన్యువల్‌లో ఉన్న టార్కుకు, అంటే బిగింపు బలానికి, రెంచితో బిగించమనండి. ఒక 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూపించుకోండి.