థెరపీ రైడింగ్‌కి గుర్రాన్ని ఎంచుకోవడం, తయారు చేయడం

థెరపీ రైడింగ్‌కి, అంటే ఒంట్లో పట్టు లేనివాళ్ళని చికిత్సలా గుర్రం ఎక్కించి నడిపించడానికి, గుర్రం కావాలని అడిగితే చాలామంది ముందుగా చూపించేది, పక్కన ఎంత గొడవ జరిగినా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడే గుర్రాన్నే. ఎంత నెమ్మదిగా ఉందో అనుకుని వెంటనే ఒప్పేసుకోకండి. నెమ్మదైన గుర్రం వేరు, విసిగిపోయి మనుషుల్ని పట్టించుకోవడమే మానేసిన గుర్రం వేరు. తేడా తెలియాలంటే చెవులు చూడాలి. మీరు దగ్గరికి వెళ్తుంటే ఒక చెవి మీవైపు తిప్పి, మెడ కాస్త వంచి, మీ చెయ్యి వాసన చూసిందంటే మంచిదే. చూపు ఎటో నిలిచిపోయి, మూతి బిగబట్టి, ముట్టుకున్నా చలనం లేకుండా ఉంటే మాత్రం వద్దు. లోపల అణచుకున్న భయం ఏదో ఒక రోజు బయటపడుతుంది, ఆ సమయానికి దాని మీద నడుము నిలపలేని పిల్లవాడు ఉండొచ్చు.

తర్వాత నడక చూడండి. గుర్రం నడుస్తుంటే పైన కూర్చున్న మనిషి నడుము ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కాస్త తిరుగుతూ కదులుతుంది, అచ్చం మనం నడిచేటప్పుడు కదిలినట్టే. ఈ పనికి గుర్రాన్ని వాడేదే అందుకు కాబట్టి, కుంటే గుర్రం ఎంత మంచిదైనా పనికిరాదు, దాని వంకర కదలికే పిల్లవాడి ఒంటికి అలవాటవుతుంది. గట్టి నేల మీద నడిపించి వెనక నుంచీ ముందు నుంచీ చూడండి, తర్వాత నెమ్మదిగా పరిగెత్తించండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకి తగిలిన ప్రతిసారీ తల పైకి లేస్తుంది.

ఎత్తు మూపు దగ్గర 56 నుంచి 60 అంగుళాలు ఉంటే చాలు, అంతకంటే ఎత్తైతే, పడిపోకుండా పట్టుకోవడానికి పక్కన నడిచేవాళ్ళ చెయ్యి పైన కూర్చున్నవాళ్ళ తొడ దాకా అందడం కష్టం. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదు, అంటే 450 కిలోల గుర్రానికి 90 కిలోలు, వయసు మీదపడిన దానికి ఇంకా తక్కువ. కొనేముందు ఓ నెల తెచ్చి పెట్టుకుని చూడటం కుదిరితే తప్పకుండా అలాగే చేయండి.

ఇక తయారు చేయడం. వీల్‌చైర్‌ని ఎప్పుడూ గుర్రం మీదికి తోసుకుంటూ రాకండి. ముందు దూరంగా ఊరికే పెట్టి ఉంచండి, తర్వాత ఒకరు దాన్ని గుర్రానికి దూరంగా తోసుకుంటూ వెళ్తుంటే గుర్రాన్ని దాని వెనక నడిపించండి. పారిపోయే వస్తువంటే దానికి భయం తగ్గుతుంది. నేను తయారు చేసిన ఒక ఆడగుర్రం చక్రం ఆకులు టకటకమన్నప్పుడల్లా ముక్కుపుటాలు విప్పి బుసకొట్టేది. మూడో రోజు దాని వెనకే పది అడుగులు నడిచి, తల దించి, నాలుకతో పెదాలు తడుపుకుని, చివరికి వీల్‌చైర్ పిడిని పెదవితో తడిమి చూసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడితో ఆ రోజు ఆపేశాం, ఇంకొంచెం చేద్దాం అనిపించినప్పుడే ఆపాలి. ఎడమ వైపు అలవాటైన వస్తువుని కుడి వైపు నుంచి కూడా మళ్ళీ మొదటి నుంచి చూపించాలి, అది మర్చిపోవద్దు.

మామూలు స్వారీ గుర్రానికి కాళ్ళతో పక్కలు నొక్కితే ముందుకు పొమ్మని అర్థం. ఇక్కడ పైన ఉన్నవాళ్ళ కాళ్ళు వాళ్ళకి తెలియకుండానే బిగుసుకోవచ్చు. అందుకే ముందు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని ఎక్కించి, కాళ్ళు బిగించమనండి, ఒక పక్కకి ఒరిగిపొమ్మనండి, ఉన్నట్టుండి అరవమనండి, గుర్రం మాత్రం పగ్గం పట్టుకుని నడిపించే మనిషి మాటే వినడం నేర్చుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు కేటాయించాల్సింది ర్యాంప్‌కి, అంటే మనుషుల్ని గుర్రం ఎక్కించే ఏటవాలు దిమ్మెకి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్ పోలియో వల్ల మోకాళ్ళ కింద పట్టు లేకుండానే డ్రెసాజ్‌లో, అంటే గుర్రం చేత తీరైన అడుగులు వేయించే పోటీలో, వెండి పతకం గెలిచింది, కానీ గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఆమెకి మనిషి సాయం కావాల్సి వచ్చేది. ఆ ఎక్కే కొద్ది నిమిషాలే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. మొదట ర్యాంప్ పక్క నుంచి ఆగకుండా నడిపించుకుపోండి, తర్వాత ఒక్క క్షణం ఆపండి, తర్వాత పైనుంచి ఎవరైనా వీపు మీద చెయ్యి వెయ్యండి, ఆ తర్వాతే బరువు. పైన మనిషి సర్దుకుని కూర్చునేదాకా రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడగలిగితేనే నిజంగా పనిలోకి దించాలి.

పనిలోకి వచ్చాక నేనైతే రోజుకి రెండు సెషన్లు దాటనివ్వను, వారంలో రెండుసార్లైనా బాగా స్వారీ వచ్చినవాళ్ళు ఎక్కి దాన్ని తిన్నగా, చురుగ్గా నడిపించాలి, ఎందుకంటే ఒరిగి కూర్చునేవాళ్ళని మోసీ మోసీ దాని వీపు ఒక పక్క బిగుసుకుపోతుంది. కడుపు కింద పట్టీ బిగించేటప్పుడు ఇంతకుముందు లేనిది కొత్తగా చెవులు వెనక్కి మడిచినా, తోక విదిల్చినా, కరవబోయినా మొండితనం అనుకుని దండించకండి. సెషన్ ఆపేసి, జీను తీసి, వెన్నుకి రెండు పక్కలా వేళ్ళతో మెల్లగా నొక్కుతూ రండి. ఎక్కడ నొక్కితే వీపు చటుక్కున కిందికి దించేస్తుందో ఆ చోటు గుర్తు పెట్టుకుని పశువైద్యుడికి చూపించండి.