అరబీలో ‘రాయకు’, ‘వెళ్ళకు’ అనాలంటే ఎక్కడ తప్పుతోంది?

సమస్య: ‘లా ఉక్తుబ్’ అని రాస్తే మార్కు పోయింది.

కారణం: ‘ఉక్తుబ్’ అంటే ‘రాయి’, ‘లా’ అంటే ‘వద్దు’, రెండూ కలిపితే చాలనుకుంటాం. కానీ అరబీలో ఆజ్ఞారూపం (అమ్ర్) ముందు ఈ ‘లా’ రాదు. నిషేధం ముదారి నుంచి, అంటే ‘రాస్తావు’ అనే రూపం నుంచి తయారవుతుంది.

పరిష్కారం: ‘ఉక్తుబ్’ను పూర్తిగా మర్చిపోండి. ‘తక్తుబు’ తీసుకుని, చివరి ‘ఉ’ తీసి సుకూన్ (అచ్చు లేదని చెప్పే గుర్తు) పెట్టి, ముందు ‘లా’ చేర్చండి: లా తక్తుబ్. ఆ ‘ఉ’ తీయకుండా ఉంచేస్తే ‘లా తక్తుబు’ అవుతుంది. అదీ సరైన వాక్యమే, కాకపోతే ‘నువ్వు రాయవు’ అని అర్థం.

సమస్య: స్త్రీతోనో, పదిమందితోనో చెప్పేటప్పుడు చివర ‘న’ మిగిలిపోతోంది.

పరిష్కారం: అక్కడ సుకూన్‌తో పని లేదు, నూన్ (‘న’ అక్షరం) తీసేస్తే సరి. తక్తుబీన నుంచి లా తక్తుబీ, తక్తుబూన నుంచి లా తక్తుబూ (రాతలో ‘ఊ’కు రాసే వావ్ అక్షరం తర్వాత పలకని అలిఫ్ అక్షరం ఒకటి పడుతుంది). ఇద్దరితో అయితే లా తక్తుబా. ఖురాన్ 2:35లో ఆదమ్ దంపతులతో ఆ చెట్టు దగ్గరికి వెళ్ళొద్దన్న ‘లా తక్‌రబా’ ఈ రూపమే. అందరూ స్త్రీలే అయితే మాత్రం లా తక్తుబ్‌న. ఆ నూన్‌ను ముట్టుకోకూడదు, ‘మీరు’ అనే అర్థం దానిలోనే ఉంది.

సమస్య: ‘లా తకూల్’ (చెప్పకు) ఎందుకు తప్పు?

అసలు తలనొప్పి ఇక్కడే. తకూలులో చివరి ‘ఉ’ పోగానే లామ్‌కు (‘ల’ అక్షరానికి) సుకూన్ వస్తుంది. దాని ముందున్న దీర్ఘపు వావ్ కూడా సుకూన్‌దే. రెండు సుకూన్‌లు పక్కపక్కన నిలవలేవు కాబట్టి వావ్ పోతుంది: లా తకుల్. ‘భయపడకు’ కూడా ఇలాగే, లా తఖాఫ్ కాదు, లా తఖఫ్. కానీ స్త్రీతో అన్నప్పుడు లామ్‌కు అచ్చు ఉంటుంది కనుక దీర్ఘం తిరిగొస్తుంది: లా తకూలీ. పట్టిక బట్టీ పట్టే బదులు, చివరి హల్లుకు అచ్చు ఉందా లేదా అని ఒక్కసారి చూసుకోండి.

సమస్య: ‘మర్చిపోకు’కి లా తన్సా అని రాశాను.

కారణం: దీర్ఘంతో ముగిసే క్రియల్లో ఆ చివరి దీర్ఘాక్షరమే రాలిపోతుంది, హ్రస్వం మిగులుతుంది. లా తన్స, లా తమ్‌షి (నడవకు). మగవాడితో ‘లా తమ్‌షీ’ అని దీర్ఘం తీస్తే స్త్రీతో అన్నట్టవుతుంది. టెన్షన్ పడకండి, అరబ్బులు కూడా మెసేజ్‌లలో ‘లా తన్సా’ అనే రాస్తుంటారు. పరీక్షలో మాత్రం కుదరదు.

సమస్య: పుస్తకంలో ‘లా తక్తుబి ద్దర్స’ (పాఠం రాయకు) అని ఉంది. ఇది స్త్రీతోనా?

కాదు. తర్వాతి మాటకు ముందు ‘అల్’ (ఇంగ్లీషు ‘ద’ లాంటిది, ఇక్కడ ‘ద్దర్స’లో కలిసిపోయింది) ఉంటే సుకూన్ స్థానంలో హ్రస్వ ‘ఇ’ వస్తుంది, పలకడానికి వీలుగా. రాతలో ‘తక్తుబి’ చివర యా (‘ఈ’కు రాసే అక్షరం) ఉందో లేదో చూడండి. ఉంటేనే స్త్రీ.

సమస్య: గల్ఫ్‌లో ఉన్న మా బావ ‘లా త్రూహ్’ (వెళ్ళకు) అంటాడు, పుస్తకంలో ‘లా తరుహ్’ ఉంది.

ఇద్దరూ కరెక్టే. గల్ఫ్ మాటల్లో దీర్ఘం పోదు. స్త్రీతో ‘లా త్రూహీన్’ అని నూన్ కూడా చాలాచోట్ల ఉంచేస్తారు. ఈజిప్టు వాళ్ళు అసలు ‘లా’నే వాడరు, ‘మా తిక్తిబ్‌ష్’ అంటారు. క్లాసులో తరుహ్ రాయండి, బావతో ఫోన్‌లో త్రూహ్ అనండి.