ఏసీ లైటు కొట్టుకుంటోందా? ఆపే ముందు లెక్కపెట్టండి

రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు దాటితే నా ఫోను ఊరుకోదు. నెల్లూరులో పడమటి గాలి ముఖాన కొట్టే వేళకే ఏసీలు కూడా మొరాయిస్తాయి. ఫోను చేసిన వారు చెప్పేది దాదాపు ఒకటే: "లైటు కొట్టుకుంటోంది, చల్లగా రావడం లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది." ఎన్నిసార్లు కొట్టుకుని ఆగుతోందని అడిగితే జవాబుండదు. అప్పటికే స్విచ్ ఆపేసి ఉంటారు.

ఆ లెక్కే నాకు కావలసింది. లోపలి బోర్డు తనకు ఏది అందలేదో, ఏది శృతి మించిందో ఆ లెక్కలోనే చెబుతుంది. అందుకే ఆపే ముందు ఫోనుతో ఒక నిమిషం వీడియో తీయండి. లైటు కొన్నిసార్లు కొట్టుకుని, కాస్త ఆగి, మళ్ళీ అదే వరుస మొదలుపెడుతుంది. రెండు విరామాల మధ్య ఎన్నిసార్లో అదే అంకె. కొన్ని మోడళ్ళలో రెండు లైట్లు కలిసి అంకె చెబుతాయి: ఒకటి పదుల స్థానం, రెండోది ఒకట్ల స్థానం. ఆ అంకెకు అర్థం ఏసీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, చాలా యూనిట్లలో ముందు మూత లోపలి స్టిక్కర్ మీద కూడా ఉంటుంది. ఒక కంపెనీ అంకె మరో కంపెనీకి పనికిరాదు. పక్కింటి వారి ఏసీకి మూడుసార్లు కొట్టుకుంటే సెన్సార్ పోయిందని మీదీ సెన్సారే అనుకోకండి.

డైకిన్ రిమోట్‌లో క్యాన్సిల్ బటన్‌ను ఐదు సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే తెరపై 00 వస్తుంది. తర్వాత ఒక్కో నొక్కుకు ఒక్కో కోడ్ మారుతుంది. ఏ కోడ్ దగ్గర ఏసీ పొడవుగా కూత పెడుతుందో అదే జబ్బు.

లైటు వెలుగుతోంది, కానీ అది జబ్బు కాదు

నాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి మెకానిక్ అవసరమే లేదు.

కరెంటు పోయి వచ్చాక స్టెబిలైజర్‌లో పసుపు లైటు వెలిగి, మూడు నిమిషాల దాకా ఏసీకి కరెంటు వదలదు. స్టెబిలైజర్ లేకపోయినా ఏసీ బోర్డే ఆ మూడు నిమిషాలు కంప్రెషర్‌ను (గ్యాస్‌ను ఒత్తి పైపుల్లో తిప్పే యంత్రాన్ని) ఆపి ఉంచుతుంది. ఆగిన వెంటనే పైపుల్లో ఒకవైపు ఒత్తిడి ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటుంది. అది సమం కాకముందే తిప్పితే కంప్రెషర్ తిరగలేక మూలుగుతుంది. ఓపిక పట్టలేక స్విచ్ ఆపి వేస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. పది నిమిషాల్లో నాలుగుసార్లు ఆపి వేసి "పాడైపోయింది" అన్నవారు ఉన్నారు.

నారింజ రంగు టైమర్ లైటు వెలుగుతూ ఏసీ దానంతట అదే ఆగిపోతుంటే, పిల్లల చేతిలో రిమోట్ పడిందని అర్థం. టైమర్ రద్దు చేయండి, సరిపోతుంది. రిమోట్ తెరపై మంచుపువ్వు బదులు సూర్యుడి బొమ్మ ఉన్నా చల్లదనం రాదు, అది వేడి గాలి మోడ్. మన దగ్గర దానితో పని తక్కువే. అయినా వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఏసీ కొన్నవారు డిసెంబరు ముసురులో వేసి చూసి, "ఫ్యాన్ తిరగడం లేదు, లైటు మాత్రం వెలుగుతోంది" అంటారు. లోపలి కాయిల్ (గ్యాస్ తిరిగే పైపుల చుట్ట) వేడెక్కే దాకా చల్లగాలి మీ మీదికి రాకుండా ఫ్యాన్‌ను ఆపి ఉంచుతుంది, అంతే. బయటి కాయిల్ మీద మంచు కడితే దాన్ని కరిగించుకునేటప్పుడూ ఇదే తీరు.

జాలీ కడిగినా ఫిల్టర్ లైటు ఆరకపోతే కంగారు వద్దు. దానికి మురికి కనిపించదు, నడిచిన గంటలే తెలుసు. రీసెట్ బటన్ నొక్కాలి.

స్టెబిలైజర్‌లో ఎర్ర లైటు

వోల్టేజీ హద్దు దాటిందని అర్థం. మన ఇళ్ళకు రావలసింది 230 వోల్టులు. సాయంత్రం ఏడు తర్వాత వీధిలోని ఏసీలన్నీ మొదలైతే అది జారుతుంది. చెరువుల ఊళ్ళలో రొయ్యల గుంటల్లో నీటికి గాలి పట్టే ఏరియేటర్లు కూడా అదే వేళకు తోడవుతాయి. వీధి అంతా అంతే ఉంటే ఏసీని తప్పుపట్టి లాభం లేదు, 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

మీ ఇంట్లో మాత్రమే, అదీ కంప్రెషర్ మొదలైనప్పుడే పడిపోతుంటే వైరు సన్నం, లేదా ఎక్కడో జాయింట్ వదులు. అరగంట నడిచాక ఆపి, ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాల్సిందే. ఏసీకి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒక గది బల్బు మసకబారి, మరో గదిది మామూలుకన్నా మించి వెలుగుతుంటే న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ, తెగినట్టే. వెంటనే మెయిన్ ఆపేయండి. తుపాను గాలుల తర్వాత ఇది చూస్తుంటాను. అలా నడవనిచ్చిన ఇంట్లో ఏసీ బోర్డు, ఫ్రిజ్, టీవీ ఒకే రాత్రి పోతాయి.

లైటు కొట్టుకుంటోంది, ఫ్యాన్ తిరుగుతోంది, గాలి చల్లగా లేదు

ఇన్వర్టర్ ఏసీల్లో (కంప్రెషర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునేవి) నేను ఎక్కువగా చూసేది లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మాటలు తెగిపోవడం. డైకిన్‌లో యూ4, ఎల్‌జీలో సీహెచ్ 05 దీనికే. రెండు బోర్డులూ ఒక తీగ మీద క్షణక్షణం మాట్లాడుకుంటాయి. అవతలి నుంచి జవాబు రాకపోతే ఇవతలిది లైటు కొడుతుంది.

మైపాడు రోడ్డు వైపు ఒక పెద్దాయన ఇంట్లో ఇదే జరిగింది. అంతకుముందు వచ్చినతను రెండుసార్లు గ్యాస్ పట్టి వెళ్ళాడు. పెద్దాయన నాకు ఫోను చేసి, "బాబూ, ఐదుసార్లు కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్ళీ ఐదు. పావుగంట కూర్చుని లెక్కపెట్టాను" అన్నారు. అంత కచ్చితంగా చెప్పినవారు నాకు తక్కువే. గ్యాస్ సిలిండర్ షాపులోనే వదిలి, నాలుగు తీగల కేబుల్ చుట్ట తీసుకుని వెళ్ళాను. మేడ మీద పైపుల చుట్టూ ఉన్న టేపు విప్పితే సగం దూరంలో ఒక అతుకు. ఏసీ బిగించిన రోజు కేబుల్ చాలక మెలిపెట్టి టేపు చుట్టేశారు. సముద్రపు గాలిలోని ఉప్పు లోపలికి దిగి రాగి పచ్చబడింది. వేళ్ళతో పట్టి లాగితే పుల్ల విరిగినట్టు విరిగింది. అతుకు లేకుండా కొత్త కేబుల్ వేశాక లైటు కొట్టుకోవడం ఆగింది.

ఇలాంటప్పుడు మీరు చేయదగినది ఒక్కటే: ఎంసీబీ (తేడా వస్తే దానంతట అదే పడిపోయే స్విచ్) ఆపి పది నిమిషాల తర్వాత వేయండి. ఒకసారికి సర్దుకుంటే కరెంటు ఒడిదుడుకు కావచ్చు. మళ్ళీ అదే లెక్క వస్తే మెకానిక్‌ను పిలిచి "ముందు కేబుల్ చూడు" అని చెప్పండి. బయటి యూనిట్ మూత మాత్రం మీరు విప్పకండి. కరెంటు ఆపాక కూడా ఇన్వర్టర్ బోర్డు కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. వెచ్చదనం కోసం అందులో దూరిన బల్లుల గతి ఏమైందో నేను చాలాసార్లు చూశాను. బోర్డు పోవడానికీ అవే కారణం, చీమలు రెండో కారణం.

సెన్సార్ లెక్క వస్తే

లోపలి యూనిట్‌లో రెండు సెన్సార్లుంటాయి. జాలీ వెనక ఉన్నది గది గాలి వేడి చూస్తుంది, కాయిల్ మీది చిన్న రాగి గొట్టంలో ఉన్నది కాయిల్ చల్లదనం చూస్తుంది. సర్వీసు చేసేటప్పుడు రెండోది గొట్టంలోంచి జారిపోవడం మామూలే, దాన్ని తిరిగి దూర్చితే చాలు. పోయిందో లేదో మెకానిక్ దగ్గరుండే, నిరోధం కొలిచే మీటరు చెబుతుంది. చాలా కంపెనీల సెన్సార్లు 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపిస్తాయి. మే నెల గదిలో 35 డిగ్రీలుంటే అదే ఆరున్నర దగ్గరికి దిగుతుంది, గుప్పిట్లో పట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. ముల్లు కదలకపోతే సెన్సార్ పోయినట్టు. ఈ రెండు నిమిషాల పని చేయకుండా "బోర్డు మార్చాలి" అనేవారిని నేను నమ్మను. సెన్సార్ ధర ఎంత, బోర్డు ధర ఎంత!

పొద్దున బాగుండి మధ్యాహ్నం మాత్రం ఆగిపోతుంటే

ఇది వేడి జబ్బు. బయటి యూనిట్ పడమటి గోడకు ఉంటుంది, కాయిల్ నిండా దుమ్ము ఉంటుంది, ముందు గ్రిల్ అడ్డం ఉంటుంది. లోపలి వేడి బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, బోర్డు కంప్రెషర్‌ను ఆపేస్తుంది. కరెంటు ఆపి, కాయిల్ మీద మామూలు గొట్టంతో నీళ్ళు పోసి కడగండి. బండ్లు కడిగే పంపు పెడితే అల్యూమినియం రేకులు వంగిపోయి గాలి మరీ ఆగుతుంది. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు తీరం దగ్గర ఉన్నవారు నెలకోసారి మంచినీళ్ళతో కడిగితే ఉప్పు పేరుకోదు. ఎండ తగలకుండా పైన రేకు వేయొచ్చు, కానీ గాలికి నాలుగు వైపులా దారి వదలండి.

నిజంగా గ్యాస్ తగ్గినప్పుడు

గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, తగ్గిందంటే కారిందనే. డైకిన్‌లో యూ0, ఎల్‌జీలో సీహెచ్ 38 వస్తాయి. కంటికి కనిపించే గుర్తు కూడా ఉంది: బయటి యూనిట్ పక్కన సన్న పైపు మీద మంచు, పైపును యూనిట్‌కు బిగించే ఫ్లేర్ నట్ చుట్టూ దుమ్ము పట్టిన నూనె మరక. గ్యాస్‌తో పాటు కంప్రెషర్ నూనె కూడా కొద్దిగా బయటికి వస్తుంది. సబ్బు నురుగు పూస్తే కారే చోట బుడగలు లేస్తాయి.

ముందు ఆ లీకు మూయాలి, తర్వాత వ్యాక్యూమ్ పంపుతో గాలి, తేమ తీసేయాలి, ఆ పైన స్టిక్కర్ మీద రాసినంత బరువు తూచి పట్టాలి. కొత్త ఏసీల్లో ఉండే ఆర్32 గ్యాస్ నిప్పు అంటుకునే గుణమున్నది, కాబట్టి దగ్గర్లో అగ్గిపుల్ల, బీడీ వద్దు. వచ్చినతను నేరుగా సిలిండర్ తగిలిస్తుంటే "లీకు ఎక్కడ?" అని ఒక్క ప్రశ్న వేయండి. "అలా తగ్గుతూనే ఉంటుంది సార్" అంటే చాయ్ ఇచ్చి పంపించేయండి.

ఏ లైటూ లేదు

ఎంసీబీ పడిందేమో చూడండి. తర్వాత రిమోట్ ముక్కును ఫోను ముందు కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. తెరపై ఊదా చుక్క మెరిస్తే రిమోట్ బాగానే ఉంది, లేకపోతే సెల్లులు మార్చండి. యూనిట్ మూత కింద చిన్న బటన్ ఉంటుంది, రిమోట్ లేకుండానే దానితో ఏసీ మొదలవుతుంది. అది నొక్కినా చలనం లేకపోతే బోర్డు ఫ్యూజు పోయి ఉండవచ్చు. ఎంసీబీ ఎత్తిన వెంటనే మళ్ళీ పడుతుంటే మాత్రం మూడోసారి ఎత్తకండి. కాలిన వాసన కూడా వస్తే నాకన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.